కూరగాయల తోటల్లో తెగుళ్ల మందులు: పనితీరు, అవశేషాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

టమాటా, మిరప, బీర, దోస, బెండ వేసే రైతులు అడిగే ప్రశ్నలు ఒకలా ఉంటాయి, అవి కొనుక్కుని వండుకునేవాళ్ల ప్రశ్నలు ఇంకోలా ఉంటాయి. రైతుకు తెగులు ఆగాలి, తినేవాళ్లకు మందు మిగలకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం అనుకుంటాం గానీ కాదు. మొదటిసారి కొట్టిన మందు పని చేయకపోతేనే రెండోసారీ మూడోసారీ కొడతాం, అది కూడా సరిగ్గా కాయ కోతకొచ్చే రోజుల్లో. కాయ మీద మిగిలే మందులో ఎక్కువ భాగం అలా పని చేయని పిచికారీలదే. అందుకే రెండు వైపుల ప్రశ్నలనూ ఇక్కడ కలిపే పెట్టాం.

ఆకుల మీద మచ్చలొచ్చాయి, చెట్లు వాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?

ముందు అది శిలీంద్రమో కాదో తేల్చుకోండి. ఆకు పట్టుకుని షాపుకు వెళ్తే ఏదో ఒక తెగుళ్ల మందు చేతిలో పెడతారు. కానీ తోటలో కనిపించే చాలా నష్టాలకు ఆ మందుతో సంబంధమే ఉండదు. మిరప ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. టమాటా కాయ అడుగుభాగం నల్లగా, తోలులా అణిగిపోతే అది కాల్షియం అందక వచ్చేది. ఒకరోజు తడి ముంచెత్తి, ఇంకో వారం ఎండబెట్టే తోటల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆకుల్లో పసుపు, పచ్చ కలగలిసి మొక్క గిడసబారితే వైరస్. వీటిలో దేనికీ తెగుళ్ల మందు పని చేయదు.

టమాటా, వంగ మొక్కలు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వాలిపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. కాండాన్ని మొదలు దగ్గర కోసి, ఆ కోసిన కొన నీళ్లకు తగిలేలా గాజు గ్లాసులో నిలబెట్టండి. కొద్ది నిమిషాల్లో కొన నుంచి పాలలాంటి తెల్లటి చార నీళ్లలోకి దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. మొక్క మొదలు దగ్గర కార్బండజిమ్ అనే తెగుళ్ల మందు ఎంత పోసినా ఆ మొక్క లేవదు, డబ్బు దండగ. పీకి పారేసి, ఆ చోట మళ్లీ టమాటా, వంగ, మిరప పెట్టకుండా ఉండటమే మిగిలిన దారి.

టమాటా ఆకు మచ్చలో వలయాలు ఒకదానిలో ఒకటి ఉన్నట్టు కనిపిస్తే ఆల్టర్నేరియా ఆకుమచ్చ. వేడి వాతావరణంలోనూ వస్తుంది, ముదురు ఆకుల నుంచి పైకి ఎక్కుతుంది. నీళ్లలో నానినట్టున్న ముదురు మచ్చ వచ్చి, తెల్లవారుజామున ఆకు తిప్పి చూస్తే అంచున తెల్లటి బూజు కనిపిస్తే ఆకుమాడు తెగులు. చలి, మబ్బు, జల్లులు కలిసినప్పుడు వస్తుంది. ఈ రెండోది వారంలో తోటంతా మాడ్చేయగలదు కాబట్టి దాని దగ్గర ఆలస్యం పనికిరాదు.

బూజు తెగులుకూ బూడిద తెగులుకూ ఒకే మందు సరిపోదా?

సరిపోదు. దుకాణాల దగ్గర జరిగే అతి పెద్ద పొరపాటు ఇదేననిపిస్తుంది. బీర, దోస, కాకర ఆకుల మీద పసుపు పలకల్లా మచ్చలొచ్చి, అడుగున బూజు పడితే బూజు తెగులు. ఆకు పైన పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. పేర్లు దగ్గరగా ఉన్నా జీవులు వేరు. బూజు తెగులు, టమాటా ఆకుమాడు తెగులు, నారుమళ్లలో నారుకుళ్లు తెచ్చేవి అసలైన శిలీంద్రాలు కావు, నీటి నాచుకు చుట్టాలైన మరో జాతి. వాటి మీద కార్బండజిమ్ పని చేయదు. హెక్సాకొనజోల్, టెబుకొనజోల్ లాంటివీ పని చేయవు. మెటలాక్సిల్, సైమోక్సానిల్, డైమెథోమార్ఫ్, మాండిప్రోపమిడ్ లాంటివి కావాలి. బూడిద తెగులుకు ఇవేవీ పనికిరావు. దానికి నీళ్లలో కరిగే గంధకం, లేకపోతే కొనజోల్ మందులు.

గంధకం గురించి ఒక మాట. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున కొడితే ఆకు మాడుతుంది, తీగజాతి కూరగాయల్లో మరీ ఎక్కువ. చలికాలంలో, ఎండ తగ్గాక కొట్టండి.

ఎం-45 పాతదైపోయింది, ఇప్పుడు పని చేయదంటున్నారు. నిజమా?

నిజం కాదు. ఎం-45 అసలు పేరు మాంకోజెబ్. అది శిలీంద్రాన్ని ఒక్కచోట కాదు, ఒకేసారి చాలాచోట్ల దెబ్బతీస్తుంది. అందుకే దశాబ్దాలుగా వాడుతున్నా శిలీంద్రాలు దాన్ని తట్టుకునే దారి పట్టుకోలేకపోయాయి. రాగి మందులు, కాప్టాన్, గంధకం కూడా ఇదే కోవకు చెందుతాయి. అయితే ఇవి ఆకు మీద పొరలా నిలిచి, పడే బీజాన్ని మొలకెత్తకుండా ఆపేవి మాత్రమే. లోపలికి దిగిన తెగులును తీయలేవు. మచ్చలు వచ్చాక కొట్టి 'పని చేయలేదు' అంటే తప్పు మందుది కాదు. కొత్తగా వచ్చిన ఆకుల మీద ఆ పొర ఉండదు, గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. మళ్లీ కొట్టాల్సి వస్తుందనేది మాత్రం నిజం.

అంతర్వాహిక మందు ఒకసారి కొడితే మొక్కంతా పాకుతుందా?

అంతర్వాహిక అంటే మొక్క లోపలికి దిగి పాకే మందు. అది చాలావరకు పైకే పాకుతుంది. మెటలాక్సిల్ లాంటివి నీటితో పాటు కొమ్మ చివరలకు వెళ్తాయి, కింది ఆకులకు తిరిగి రావు. అజాక్సీస్ట్రోబిన్ ఆకు పైన పడితే అడుగుకు దిగుతుంది, కొంత కొనల వైపు పాకుతుంది, కింది ఆకులకు మాత్రం రాదు. కాబట్టి 'అంతర్వాహికే కదా' అని తోట మీద గబగబా చల్లుకుంటూ పోతే తెగులు మొదలయ్యే అడుగు ఆకులకే మందు అందదు. పెరిగిన టమాటా తోటలో ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పట్టాలి. 16 లీటర్ల ట్యాంకులైతే పన్నెండు పైన. ఆరు ట్యాంకులతో ఎకరం ముగించేస్తే మందు సగం మొక్కలకే తగిలిందని అర్థం.

నాజిల్ కూడా చూసుకోండి. సన్నటి మంచులా పడే కోన్ నాజిల్ కావాలి. కలుపు మందు కొట్టే పంపును దీనికి వాడొద్దు.

కొట్టినా ఆగలేదు. డోసు పెంచాలా?

పెంచడానికి ముందు మూడు సంగతులు చూడండి: తెగులు సరిగ్గా గుర్తించామా, ఆకు అడుగు తడిసిందా, అదే రకం మందును ఈ సీజన్‌లో ఇప్పటికే ఎన్నిసార్లు కొట్టాం. ఎక్కువసార్లు మూడోదే దొరుకుతుంది.

తట్టుకునే శక్తి ఎలా వస్తుందో తెలిస్తే డోసు ఎందుకు పెంచకూడదో అర్థమవుతుంది. మెటలాక్సిల్ యూరప్‌లో బంగాళదుంప ఆకుమాడు తెగులు మీద అద్భుతంగా పని చేసింది. వచ్చిన కొద్ది ఏళ్లకే, 1980లో, ఐర్లాండ్, నెదర్లాండ్స్ పొలాల్లో దాన్ని లెక్కచేయని రకం పుట్టుకొచ్చింది. అజాక్సీస్ట్రోబిన్ లాంటి స్ట్రోబిలూరిన్ మందులు 1996లో మార్కెట్లోకి వచ్చాయి. 1998 నాటికే జర్మనీలో గోధుమ బూడిద తెగులు వాటికి లొంగడం మానేసింది. ఆ వెంటనే జపాన్‌లో దోస మీద బూజు, బూడిద తెగుళ్లు రెండూ అదే దారి పట్టాయి. స్ట్రోబిలూరిన్ల విషయంలో శిలీంద్రంలోని ఒక ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందు వెళ్లి అతుక్కోవాల్సిన చోటే ఉండదు. అతుక్కునే చోటే లేనప్పుడు డోసు రెండింతలు చేసినా, నాలుగింతలు చేసినా తెగులు ఆగదు. పెరిగేది కాయ మీద అవశేషం ఒక్కటే.

కొనజోల్ మందుల్లో ఇది నెమ్మదిగా, మెట్లు మెట్లుగా వస్తుంది. అక్కడ డోసు తగ్గించి కొట్టడం కూడా ప్రమాదమే, సగం చచ్చి సగం బతికినవి బలపడతాయి. లేబుల్‌పై రాసిన డోసే కొట్టాలి, ఎక్కువా కాదు తక్కువా కాదు.

మందు మార్చి మార్చి కొడుతున్నాను. అయినా ఎందుకిలా?

మార్చింది మందునా, డబ్బా మీది పేరునా? సోమవారం హెక్సాకొనజోల్, వచ్చే వారం టెబుకొనజోల్, ఆ పై వారం డైఫెనోకొనజోల్ కొడితే కంపెనీలు మూడు, రంగులు మూడు. తెగులుకు మాత్రం ఒకే దెబ్బ మూడుసార్లు తగిలినట్టు. తెగులును దెబ్బతీసే తీరును బట్టి మందులకు గ్రూపు నంబర్లు ఉంటాయి, ఇవన్నీ గ్రూపు 3. పేరు చివర 'కొనజోల్' ఉంటే దాదాపుగా ఆ గ్రూపే అనుకోవచ్చు. చివర 'స్ట్రోబిన్' ఉంటే గ్రూపు 11. క్రెసాక్సిమ్ మిథైల్ పేరులో ఆ తోక లేదు గానీ అదీ 11లోదే. డబ్బా ముందు పెద్దక్షరాల బ్రాండు పేరు వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉండే మందు అసలు పేరు, శాతం చదవండి.

ఇంకో చిక్కు రెడీమిక్స్‌ల వల్ల. అజాక్సీస్ట్రోబిన్, డైఫెనోకొనజోల్ కలిసిన డబ్బా కొట్టాక, వారం తర్వాత టెబుకొనజోల్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్ కలిసిన డబ్బా కొడితే రెండు గ్రూపులూ మళ్లీ అవే. మధ్యలో మాంకోజెబ్‌నో రాగినో పెట్టండి. స్ట్రోబిన్ ఉన్నదేదైనా ఒక పంటకాలంలో రెండుసార్లకు మించకపోతే మంచిది.

నీళ్లతో మందు చెడుతుందా?

కొన్ని చెడతాయి. కాప్టాన్ మంచి ఉదాహరణ. ఉదజని సూచిక (పీహెచ్) 7 ఉన్న నీళ్లలో అది సగమవ్వడానికి దాదాపు 8 గంటలు పడుతుంది. 8 ఉన్న నీళ్లలో సుమారు 10 నిమిషాలే. మన బోరు నీళ్లు చాలాచోట్ల 7.5, 8 మీదే ఉంటాయి. పొద్దున్నే డ్రమ్ములో కలిపిపెట్టి, టిఫిన్ తిని, కరెంటు కోసం చూసి పదింటికి మొదలుపెడితే కొట్టేది దాదాపు నీళ్లే. పీహెచ్ పేపర్ తెచ్చి ఒకసారి చూసుకోండి. ఎక్కువుంటే నీళ్లలో ముందే కొద్దిగా నిమ్మ ఉప్పు వేసి 6, 6.5కి దించి వెంటనే కొట్టేయాలి. ఈ చిట్కా రాగి మందులకు వాడొద్దు. పులుపు నీళ్లలో రాగి ఎక్కువగా కరిగి ఆకు మాడుస్తుంది.

పొడి మందును నేరుగా ట్యాంకులో పోయకండి. మగ్గులో కొద్ది నీళ్లతో దోసెపిండిలా కలిపి, గుడ్డలో వడకట్టి అప్పుడు పోయాలి. లేకపోతే పసుపు ముద్ద అడుగున పేరుకుని మొదటి సాళ్లకు నీళ్లు, చివరి సాళ్లకు మూడింతల డోసు పడుతుంది. ఆ చివరి సాళ్ల కాయే ల్యాబ్‌లో దొరికిపోయేది.

తెగులు మందు, పురుగు మందు, టానిక్ అన్నీ కలిపి కొట్టొచ్చా?

కూలి ఖర్చు మిగులుతుందని చేస్తారు, బాధ తెలిసిందే. రెండు కలిపితే, అదీ లేబుళ్లు ఒప్పుకుంటే సరే. నాలుగైదు కలిపే అలవాటు మానుకోండి. రాగి మందులు, ముఖ్యంగా సున్నం కలిసిన బోర్డో మిశ్రమం, దేనితోనూ కలపకూడదు. పేరు తెలియని 'టానిక్'లలో ఏముందో మీకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. కేంద్ర కీటకనాశక బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేని సీసాను పొలంలోకి రానివ్వొద్దు.

మందు కొట్టాక ఎన్ని రోజులకు కోయాలి?

ప్రతి మందుకూ, ప్రతి పంటకూ వేరు. అన్నిటికీ కలిపి 'వారం' అనుకోవడం తప్పు. అజాక్సీస్ట్రోబిన్ 23 శాతం మందు టమాటా మీద కొడితే 3 రోజులు, మిరప మీదైతే 5 రోజులు ఆగాలి. డైఫెనోకొనజోల్ 25 శాతం మందు మిరప మీద కొడితే 15 రోజులు. చూశారుగా, ఒకే తోట, ఒకే తెగులు, పక్కపక్కన ఉండే రెండు డబ్బాలు, మధ్య తేడా పది రోజులు. డబ్బాతో వచ్చే మడత కాగితంలో తెలుగు కూడా ఉంటుంది. అక్షరాలు చీమలంత ఉంటాయి కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

ఆ రోజులు మొక్క మీది మందు తగ్గడానికి ఇచ్చే గడువు. కాయ మీద కిలోకు 4 మిల్లీగ్రాములు ఉండి, 3 రోజులకు సగమయ్యే మందైతే మూడో రోజుకు 2, ఆరో రోజుకు 1, తొమ్మిదో రోజుకు అర. ఎండ, వాన, కాయ ఊరడం, ఇవన్నీ ఆ వేగాన్ని మారుస్తాయి. చలికాలంలో, షేడ్‌నెట్ కింద మెల్లగా తగ్గుతుంది. డోసు రెండింతలు కొట్టి అదే రోజున కోస్తే లేబుల్ మీది లెక్క చెల్లదు.

బెండ, బీర, దోస రోజు విడిచి రోజు కోయాలి. ఐదు రోజులు ఆగితే ముదిరిపోతాయి. ఏం చేయాలి?

అసలు కష్టం ఇక్కడే. చట్టం, లేబుల్, ల్యాబ్ ఏవీ ఈ రైతు క్యాలెండర్ చూసి పుట్టలేదు. బెండ మూడో రోజుకే నారపడుతుంది. కోయకుండా వదిలేస్తే కొత్త పూత కూడా తగ్గుతుంది. అందుకే చాలామంది పొద్దున కోత ఉందంటే ముందు రోజు సాయంత్రమే కొట్టేస్తారు, కాయ నిగనిగలాడుతుందని కూడా. మానాల్సింది సరిగ్గా ఈ అలవాటునే.

కోతకు ముందు కాదు, కోత ముగిసిన సాయంత్రం కొట్టండి. ఆ రోజు కోతలో మామూలుగా వదిలేసే లేత కాయల్ని కూడా, అమ్ముడుపోయే సైజుకు దగ్గరగా ఉన్నవన్నీ కోసేయండి. అప్పుడు చెట్టు మీద మిగిలేవి పిందెలే. వాటి మీద పడిన మందు కాయ ఊరుతుంటే పలచబడుతుంది కూడా. దోస, బీర రోజుల్లోనే ఎన్నో రెట్లు పెరుగుతాయి కాబట్టి ఈ పలచబడటం చిన్న విషయం కాదు. గడువు 3 రోజులున్న మందైతే మధ్యలో ఒక్క కోత పోతుంది. ఆ కోత కాయ కోసి పశువులకు కూడా వేయకండి, గుంతలో పడేయండి. ఒక కోత నష్టం లెక్క వేసుకుని చూస్తే గడువు తక్కువున్న మందు ఖరీదు ఎక్కువైనా గిట్టుబాటే అవుతుంది.

ఇంకా ముందుకెళ్తే అసలు మార్గం కోతలు మొదలవక ముందే ఉంది. పూత దశ వరకు, కాయ లేని రోజుల్లో, మాంకోజెబ్ లాంటి పొర మందులను వాతావరణం చూసి సమయానికి కొడితే తెగులు బీజం తోటలో పేరుకోదు. అప్పుడు కాపు రోజుల్లో మందు అవసరం ఒకటి రెండుసార్లకు దిగిపోతుంది. మొదట ఖర్చు దండగని ఊరుకుని, కాయ మీద మచ్చ చూశాక పరిగెత్తేవాళ్లే ఎక్కువ మందు కొడతారు, ఎక్కువ ఖర్చూ పెడతారు.

మదనపల్లె వైపు టమాటా తోటల్లో ఊతకర్రలు, డ్రిప్, మల్చింగ్ షీట్ వేసేది దిగుబడి కోసమే గానీ, తెగులుకు కూడా అవి మంచి విరుగుడు. వానకు మట్టి చిట్లి ఆకుల మీద పడదు, గాలి ఆడి ఆకు త్వరగా ఆరుతుంది. నేలకు తగిలే అడుగు ఆకులు తుంచేస్తే ఇంకా మేలు.

ఎంఆర్‌ఎల్ దాటితే ఆ కాయ విషమా?

ఎంఆర్‌ఎల్ అంటే గరిష్ఠ అవశేష పరిమితి. లేబుల్ ప్రకారం సరిగ్గా కొడితే ఎంతకు మించి మిగలకూడదో చెప్పే లెక్క అది. ఆరోగ్య లెక్క వేరే ఉంది, జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదనే మోతాదు. అజాక్సీస్ట్రోబిన్‌కు అది శరీర బరువులో కిలోకు 0.2 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 12 మిల్లీగ్రాములు. టమాటా, మిరప, వంగ లాంటి వాటికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 3 మిల్లీగ్రాములు. అంటే పరిమితి అంచున ఉన్న టమాటాలు రోజూ 4 కిలోలు తింటే గానీ ఆ మోతాదు రాదు. పరిమితి కాస్త దాటిన కాయ తిన్న పూటే ఏదో అయిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు.

అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. పరిమితి ఒక్కో మందుకు విడివిడిగా చూస్తారు. ఒకే కాయలో ఐదు మందులు కొద్దికొద్దిగా ఉంటే ఐదూ పాసే. చిన్నపిల్లలు తమ బరువుకు మనకంటే ఎక్కువ తింటారు. పరిమితి దాటిన కాయ అంటే ఆ తోటలో ఎవరో డోసో, గడువో, మందో తప్పారని సాక్ష్యం.

నా పంట పేరు లేబుల్ మీద లేదు. షాపాయన కొట్టొచ్చన్నాడు.

కొట్టకండి. పాలకూర, తోటకూర, గోంగూర, కొత్తిమీర, పుదీన, వీటికి లేబుల్ ఉన్న తెగుళ్ల మందులు చాలా తక్కువ. టమాటాకు పనికొచ్చేది తోటకూరకూ పనికొస్తుందని కొట్టేస్తారు. పరిమితి నిర్ణయించని మందు–పంట జతకు భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన గీత కిలోకు 0.01 మిల్లీగ్రాములు. అంటే వంద టన్నుల ఆకుకూరలో ఒక్క గ్రాము. పైగా ఆకుకూరలో మనం తినేదే మందు పడిన ఆకు, తొక్క తీసేదేమీ ఉండదు. నెల రోజుల పంటకు మంచి విత్తనం, పలచగా చల్లడం, పొద్దున్నే తడి పెట్టడం, తెగులు సోకిన మడిని పీకేయడం, వీటితోనే నెట్టుకురావాలి.

కడిగితే మందు పోతుందా?

పైన ఉన్నది చాలావరకు పోతుంది, లోపలికి దిగింది పోదు. కుళాయి కింద నీళ్లు పారుతుండగా చేత్తో రుద్ది కడగడం అన్నిటికంటే ముఖ్యం. గిన్నెలో ముంచి తీయడం దానికి సాటి రాదు. కాస్త ఎక్కువ కావాలంటే లీటరు నీళ్లకు 20 గ్రాముల ఉప్పు కలిపి పది నిమిషాలు నానబెట్టి, మళ్లీ మంచి నీళ్లతో కడగండి. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం యాపిల్ మీద వంటసోడా నీళ్లతో ప్రయోగం చేసింది. పావుగంట నానబెడితే పైనున్న మందు పోయింది. కానీ థయాబెండజోల్ అనే తెగుళ్ల మందులో ఐదో వంతు అప్పటికే తొక్క లోపలికి దిగిపోయి ఉండటంతో అది కడుగుడుకు అందలేదు. సబ్బు, డిటర్జెంటు వాడొద్దు, కూరగాయ వాటిని పీల్చుకుంటుంది.

క్యాబేజీకి పై ఆకులు రెండు మూడు తీసేయడం, సొర, దోసలకు చెక్కు తీయడం కడగడం కంటే బాగా పని చేస్తాయి.

వండితే పోదా మరి?

కొన్ని మందులు వేడికి తగ్గుతాయి. మాంకోజెబ్ మాత్రం వేరు. వేడి తగిలితే అందులోంచి ఇథిలిన్ థయోయూరియా అనే పదార్థం పుడుతుంది, దాన్ని ఈటీయూ అంటారు. థైరాయిడ్‌ను దెబ్బతీసే గుణం దానిది. రోజూ తీసుకోగల మోతాదు శరీర బరువులో కిలోకు 0.004 మిల్లీగ్రాములే, అజాక్సీస్ట్రోబిన్ కంటే యాభై రెట్లు కఠినం. మంచి సంగతేమిటంటే మాంకోజెబ్ లోపలికి దిగదు, కాయ పైనే ఉంటుంది. కాబట్టి టమాటాను వండడానికి ముందే కడగాలి. కోసిన ముక్కలు కడగడం కాదు, కాయను కడగాలి.

మాంకోజెబ్‌ను యూరప్ నిషేధించిందట. మనం ఎందుకు వాడుతున్నాం?

యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబర్‌లో దాని అనుమతిని పొడిగించలేదు. సంతానోత్పత్తి, హార్మోన్ల మీద ప్రభావం అందుకు ప్రధాన కారణాలు. క్లోరోథలోనిల్‌కు 2019లోనే అలా జరిగింది. మన దగ్గర 2020 మేలో కేంద్రం 27 మందుల నిషేధానికి ముసాయిదా ఇచ్చింది. అందులో మాంకోజెబ్, కార్బండజిమ్, కాప్టాన్, థైరామ్ ఉన్నాయి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా ఆగినవి కొన్నే. తెగుళ్ల మందుల్లో డైనోక్యాప్ వాటిలో ఒకటి. మాంకోజెబ్ అమ్మకంలో ఉంది.

దీన్ని పూర్తిగా తీసేస్తే ఏమవుతుందనేది కూడా ఆలోచించాల్సిందే. తట్టుకునే శక్తి రాని మందు పోతే, త్వరగా తట్టుకునే శక్తి వచ్చే మందుల మీదే బరువంతా పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, కాయ లేని దశలో దాన్ని వాడుకోవడం, కోతలు మొదలయ్యాక ముట్టకపోవడం ప్రస్తుతానికి సరైన దారి. ఎగుమతికి పండించేవాళ్లు కొనేవాళ్ల దేశపు జాబితానే చూడాలి, మన అనుమతి అక్కడ చెల్లదు.

కాయ మీద తెల్లటి మచ్చలు, పొడి కనిపిస్తే మందేనా?

బూడిద గుమ్మడి మీది బూడిద సహజమైన మైనం. టమాటా మీద పసుపు–తెలుపు చుక్కలు ఎండి అంటుకుని ఉంటే పొడి మందు కావచ్చు, నీలం మరకైతే రాగి. కంటికి కనిపించే మందు కడిగితే పోయే మందే. కనిపించకుండా మెరిసే కాయ శుభ్రమని మాత్రం అనుకోకండి.

మా క్యాబేజీలో మాంకోజెబ్ ఉందని రిపోర్టు వచ్చింది. మేం కొట్టలేదు!

కావచ్చు. మాంకోజెబ్ కుటుంబాన్ని పరీక్షించేటప్పుడు దాన్ని కార్బన్ డైసల్ఫైడ్‌గా మార్చి కొలుస్తారు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లిలో సహజంగా ఉండే గంధకపు పదార్థాలు కూడా పరీక్షలో అదే వాయువునిస్తాయి. తక్కువ అంకె వస్తే ఆ ల్యాబ్‌ను ఈ సంగతి అడగండి. టమాటాకు, బెండకు ఈ సాకు చెల్లదు.

స్ట్రెప్టోసైక్లిన్ దొరకడం లేదు. బదులేం కొట్టాలి?

అది తెగుళ్ల మందు కాదు, మనుషులకు వాడే యాంటీబయాటిక్. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లను వ్యవసాయంలో వాడటంపై కేంద్రం 2021 డిసెంబర్‌లో నిషేధ ఉత్తర్వు ఇచ్చింది, 2024 జనవరి 1 నుంచి వాడకం పూర్తిగా బంద్. పాత సరుకు ఎవరైనా అమ్మజూపినా తీసుకోకండి. టమాటా, మిరప బ్యాక్టీరియా మచ్చకు రాగి మందు, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, మొదట్లోనే కొడితే కొంత ఆగుతుంది.

ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వాడితే అవశేషాల గొడవే ఉండదు కదా?

ఉండదు, కానీ అవి ఎక్కడ పని చేస్తాయో అక్కడే వాడాలి. ట్రైకోడెర్మా నేల తెగుళ్లకు: నారుకుళ్లు, వేరుకుళ్లు, ఎండు తెగులు. 2 కిలోల పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడన తడి ఆరకుండా గోనె కప్పి వారం పది రోజులు ఉంచితే తెల్లటి, పచ్చటి బూజు అల్లుకుంటుంది. ఆ ఎరువు ఎకరానికి సరిపోతుంది. నాటే ముందు వేయాలి, ఎండు తెగులు వచ్చాక కాదు. ఎండలో షాపు ముందు వేలాడదీసిన ప్యాకెట్‌లో బతికున్నది ఏమీ ఉండకపోవచ్చు, తయారీ తేదీ చూడండి. దీని వెంటే కార్బండజిమ్ పోస్తే వేసిన మంచి శిలీంద్రమూ చస్తుంది.

ఆకుమాడు తెగులు విరుచుకుపడిన తోటలో 'బయో' సీసా ఒక్కరాత్రిలో అద్భుతం చేసిందంటే అందులో చెప్పకుండా కలిపిన రసాయనం ఉందేమోనని అనుమానించాలి.

కాయను ఎక్కడ పరీక్ష చేయించాలి?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయపు అవశేషాల పరిశోధన కేంద్రం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రెండూ ఉన్నాయి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ప్రైవేటు ల్యాబులు కూడా చేస్తాయి. ఏ మందులు కొట్టారో జాబితా రాసివ్వండి, లేకపోతే మీ మందు వాళ్ల పరీక్షలో ఉందో లేదో తెలియదు. తోటలో ఒకే మూల నుంచి కాకుండా అటూ ఇటూ నడుస్తూ కిలో, రెండు కిలోలు కోయండి. కడగకండి, తుడవకండి. శుభ్రమైన కొత్త సంచిలో వేసి అదే రోజు చల్లగా పంపండి. మందులు తెచ్చిన కారులో, మందు పట్టుకున్న చేత్తో కోసిన నమూనా పనికిరాదు.

తెగుళ్ల మందులు పురుగు మందులంత ప్రమాదం కావు కదా, చేత్తో కలిపినా ఫర్వాలేదా?

డబ్బా మీద ముక్కోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. తెగుళ్ల మందులు ఎక్కువగా నీలం, ఆకుపచ్చల్లో ఉంటాయి. ఆకుపచ్చ ఉందని చేత్తో కలిపేస్తారు. తినేవాళ్లకు మిల్లీగ్రాముల్లో అందే మందు, కలిపేవాళ్ల చేతికి గ్రాముల్లో అంటుతుంది. రబ్బరు గ్లౌజులు, మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పవు. గాలికి ఎదురుగా కొట్టొద్దు. కొట్టిన మర్నాడు పొద్దున్నే కూలీలను కోతకు దింపొద్దు. తడి ఆకుల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి కోసేది వాళ్లే, ఆ మందు ముందు వాళ్ల చర్మానికే తగులుతుంది.

కళ్లలో పడితే పావుగంట పాటు మంచి నీళ్లతో కడగాలి. మింగినా, తల తిరిగి వాంతులైనా 108కి ఫోన్ చేసి, మందు డబ్బానో లేబుల్ ఉన్న కాగితాన్నో రోగితో పాటే ఆసుపత్రికి పంపండి. డాక్టరు మొదట అడిగేది మందు పేరే.